నాలుకతో చూసిన రాయి

ఆ రోజుల్లో మనిషి మనిషిని నమ్మటానికి పెద్ద సాక్ష్యాలేమీ అక్కరలేదు. వేపచెట్టు కింద పీట మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకొని, తన గొంతు ఇంకొకడి కత్తికి అప్పజెప్పేవాడు. ఆ కత్తి పట్టినవాడితో ముందురోజే గొడవపడి ఉండొచ్చు, అయినా సరే. ఇప్పుడు తలచుకుంటే వింతగా ఉంటుంది. ఇప్పుడు మా షాపుకొచ్చేవాళ్ళు బ్లేడు పొట్లం తమ కళ్ళముందు విప్పితేగానీ కుర్చీలో వాలరు. వాళ్ళను తప్పుపట్టను, రోగాల కాలం. కానీ పొట్లంలోంచి వచ్చే పదును వేరు, చేత్తో పుట్టించే పదును వేరు. ఆ తేడా తెలుసుకోవటానికి నేను నా పడుచుతనంలో ఒక వేసవంతా రాళ్ళు నాకుతూ గడిపాను.

మాటవరసకు అనటం లేదు, నిజంగానే నాకాను. ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య బెంగుళూరులో ఉద్యోగం చేసే కుర్రాడొకడు సెలవుకొచ్చి, కళ్యాణదుర్గంలో మా ఇంటి ముందుగదిలోనే ఉన్న షాపులో కూర్చున్నాడు. సరదాకి మడతకత్తి ఒకటి కొన్నాడట, తన గడ్డం తనే చేసుకుంటాడట. దాన్ని నూరటానికి సానరాళ్ళు ఎక్కడెక్కడి దేశాల నుంచో వస్తాయని సెల్లులో బొమ్మలు చూపించాడు. ఒక్కో రాయిని పట్టుబట్ట మీద పడుకోబెట్టి ఫోటో తీశారు, పెళ్ళిచూపుల్లో పిల్లను చూపించినట్టు. "అన్నా, ఇన్నింట్లో మంచి రాయి యాదో ఎట్ల కనుక్కోవాల?" అన్నాడు. "నాలుకతో," అన్నాను. కుర్రాడు పకపకా నవ్వాడు. తెర వెనక వంటింట్లోంచి మా ఆవిడ కూడా నవ్వింది. ఆమె నవ్వు వేరు, ఆమెకు కథ తెలుసు. కథలో ఆమె ఉంది.

మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. కంబదూరు పక్క పల్లెలో ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన చేతి గడ్డమంటే గొప్ప పేరు. వంటి మీద ఈగ వాలితే తెలుస్తుందిగానీ మా మామ కత్తి నడిస్తే తెలియదనేవాళ్ళు. ఆయన పొదిలో (పొది అంటే కత్తీ కత్తెరా పెట్టుకునే తోలుసంచి) గుడ్డలో చుట్టి ఒక నల్లటి సానరాయి ఉండేది. దాన్ని ఎవర్నీ తాకనిచ్చేవాడు కాదు. ఎక్కడిదని అడిగితే "దొరికింది" అని ఊరుకునేవాడు. ఆయన కూతురు నాకు వరసైన మరదలు. చిన్నప్పటినుంచీ ఆ పిల్ల నాకేనని రెండిళ్ళలోనూ అనుకుంటూ వచ్చారు. తీరా పెళ్ళి మాట ఎత్తేసరికి మామ అడ్డం తిరిగాడు.

"చూడు అల్లుడా," అన్నాడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని. "కత్తి ఎవుడన్నా కొంటాడు. సానరాయి మాత్రం ఎవునిది వాడే ఎతుక్కోవాల. మా మామ నాకు అట్లే చెప్పినాడు, నేను ఎతుక్కున్యా. శ్రావణం లోపల నీ రాయి తీసుకోని రా. దానిమీద నా కత్తి నూరి నాకే గడ్డం చెయ్యి. చర్మం ఒప్పుకుంటే పిల్లనిస్తా. లేదంటే హిందూపురమోళ్ళు అడగతాండారు."

హిందూపురం వాళ్ళంటే తిరిగే కుర్చీ, నిలువుటద్దం ఉన్న సెలూన్ వాళ్ళు. "వాళ్ళకు రాయి అక్కర్లేదా మామా?" అన్నాను కడుపుమంటతో.

"వాళ్ళు పొట్లం బ్లేడు వాడతారంట. మొద్దుబారితే పారేస్తారంట." మామ కాసేపు మీసం దువ్వుకున్నాడు. "మొద్దుబారితే పారేసేటోనికి బిడ్డనెట్ల ఇచ్చేదని నాకూ గుబులుగానే ఉండాది. అందుకే నీకు గడువిస్తాండా."

నేను బయటికొస్తుంటే తలుపు చాటునుంచి మరదలు, "తొందరగా ఎతుకు బావా. ఆ తిరిగే కుర్చీని తలుచుకుంటేనే నాకు కండ్లు తిరగతాండాయి," అంది. అంతకంటే ధైర్యం ఇచ్చే మాట నేను ఈ జన్మలో వినలేదు.

రాయిని ఎట్లా చూడాలో మామే చెప్పి పంపాడు, ఆ మాత్రం దయ చూపాడు. ముందు రాయి మీద నీళ్ళు పొయ్యాలి. గటగటా తాగేసిందంటే లోపల డొల్లతనం ఉన్నట్టు, అది కొడవళ్ళకు పనికొస్తుంది. నీళ్ళు ఇంకకుండా చాలాసేపు పైనే నిలిస్తే ఆశ పెట్టుకోవచ్చు. తర్వాత గోటితో గీరి చెవి పెట్టి వినాలి. గరగరమంటే వదిలెయ్యాలి. తెల్లగీత ఒక్కటున్నా సరే, కత్తి అంచును అది పంటితో కొరికినట్టు కొరికేస్తుంది. ఇవన్నీ దాటినాక చివరిది నాలుక. వేలికి తెలియని గరుకు నాలుకకు తెలుస్తుందని మామ సిద్ధాంతం. "నాలుకకు పాలమీగడ మాదిరి తగలాల. అట్లాటి రాయి మీద నూరితే కత్తి చర్మాన్ని అడిగి పోతాది," అనేవాడు.

మా సీమలో పంట పండని ఏడాది ఉంటుందిగానీ రాయి పండని ఏడాది ఉండదు. కాబట్టి నాకు వారం చాలనుకున్నాను. ఆ పొగరు వారంలోనే దిగింది. గుట్టలెక్కాను, వంకల్లో దిగాను, బావులు తవ్వినచోట పోసిన కుప్పలన్నీ తిరగేశాను. ఒకటి నీళ్ళు తాగేది, ఒకటి గరగరమనేది, అన్నీ కుదిరిన దాంట్లో తెల్లగీత పళ్ళికిలించేది. చొక్కా జేబులో చిన్న సీసాతో నీళ్ళు పెట్టుకొని, కనబడిన రాయినల్లా తడిపి, వాసన చూసి, నాకి, తుపుక్కున ఉమ్మేసి ముందుకు పోయేవాణ్ణి. ఊళ్ళో నాకు 'రాళ్ళు నాకేటోడు' అని పేరు పడింది. మా అమ్మ అయితే వచ్చినవాళ్ళందరితోనూ, "మన్ను తినేది చిన్నప్పుడే మాన్పిచ్చినా. ఇప్పుడు రాళ్ళకొచ్చినాడు," అని చెప్పుకొని బాధపడేది.

తొలకరి జల్లు ఒకటి పడిందని విని వజ్రకరూరు కూడా వెళ్ళాను. తడిసిన చేలల్లో జనం తలలు వంచుకొని వజ్రాలు వెతుకుతున్నారు. వాళ్ళమధ్య నేనూ తలవంచుకొని నా పని మొదలుపెట్టాను. రాయి తియ్యటం, నాకటం, పారెయ్యటం. కాసేపటికి పక్కనున్న పెద్దమనిషి మెల్లగా దగ్గరికొచ్చి, "ఏమప్పా, నాలుకకు తెలుస్తాదా?" అన్నాడు గొంతు తగ్గించి. "తెలుస్తాదన్నా, మంచిదైతే మీగడ మాదిరి ఉంటాది," అన్నాను నా ధోరణిలో నేను. మధ్యాహ్నానికి ఆ చేలో చాలామంది రాళ్ళు నాకుతున్నారు. ఎవరికైనా వజ్రం దొరికిందో లేదో తెలియదు. నాకు మాత్రం రాయి దొరకలేదు, నాలుక మీద పుండొకటి లేచింది.

తొలకరి ఆ ఒక్క జల్లుతోనే ముఖం చాటేసింది. ఆషాఢం వచ్చినా మా ఊరి మీద చుక్క పడలేదు. శెనక్కాయ విత్తనం మూటల్లోనే ఉంది. రైతులు పొద్దున్నే లేచి మొదట ఆకాశాన్ని, తర్వాత ఒకరి ముఖాలొకరు చూసుకొనేవాళ్ళు. ఊరందరికీ గడ్డాలు గీసే మా నాయనకు ఊరు దుడ్లిచ్చేది కాదు, ఏడాదికొకసారి కళ్ళంలో గింజలు కొలిచేది. కళ్ళమే లేకపోతే కొలిచేదేముంది? "వానలు పోతే ఊర్లో గడ్డాలు పెరగతాయి, మన పొయ్యి ఆరతాది," అనేవాడు నాయన. చివరికి ఊరు వరదపాశానికి సిద్ధమైంది.

తెలియనివాళ్ళకు చెబుతాను. వానలు మొండికేసినప్పుడు మావైపు ఇంటింటా బియ్యం, బెల్లం ఎత్తి, గుట్ట దగ్గర పాయసం (మా నోట పాశం) వండి, కడిగిన బండరాయి మీద పోస్తారు. జనం చేతులు వెనక్కి కట్టుకొని, మోకాళ్ళ మీద వంగి, దాన్ని నాలుకతో నాకాలి. పశువులకు మేత లేదు, మేమూ పశువులమైపోయాం, చూడు స్వామీ అని దేవుడికి కళ్ళకు కట్టేట్టు చూపించటం అది. చిన్నప్పుడు అది మాకు పండగలా ఉండేది. పెద్దయ్యాక ఊళ్ళోని పెద్దమనుషులంతా అట్లా వంగినప్పుడు వాళ్ళ వీపులు చూడలేక తల తిప్పుకునేవాణ్ణి. మా ఊరి పాశం బండ నల్లగా, బల్లపరుపుగా ఉంటుంది. దానికి పడమటి మూల ఒక ముక్క లేదు. నేను పుట్టకముందు పిడుగుపడి విరిగిందని చెప్పేవాళ్ళు. మా మామ అక్కను చూడటానికి ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవాడుగానీ పాశం రోజు మాత్రం రాడు. "ఆ పొద్దే వానికి యాడలేని పని పడతాది," అని అమ్మ సణుక్కునేది.

ఆ ఏడు నేనూ అందరితోపాటు వంగాను. మనసులో వాన గురించే తలచుకుంటున్నాను, అబద్ధం చెప్పను. నాలుక బండకు తగిలింది. పాశం వేడిగా, తియ్యగా ఉంది. ఒక పక్క అయిపోయి, ఉత్త బండ తగిలింది. మీగడ. అనుమానంతో ఇంకొంచెం జరిగి నాకాను. మీగడే. గరుకు లేదు, గీత లేదు. వేసవంతా ఏ రాయి కోసం గుట్టలు తిరిగానో దాని మీద నేను చిన్నప్పటినుంచీ పాయసం తింటున్నాను. ఒళ్ళు మరిచి ఆ చివరినుంచి ఈ చివరిదాకా నాకుతూ పోయాను. జనమంతా లేచి మూతులు తుడుచుకున్నారు. నేనొక్కణ్ణే మిగిలాను.

"చాలు లెయ్యప్పా," అన్నాడు పూజారి తాత పైనుంచి. "బండను గూడా తినేట్టుండావే." వెనకనుంచి ఎవరో, "వానిది అసలైన భక్తి," అన్నారు. మా అమ్మకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. రాళ్ళు నాకేటోడికి ఊళ్ళో దక్కిన మొదటి గౌరవం అది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఊరంతా ఎండకు నీడపట్టున చేరిన వేళ, ఉలీ సుత్తీ పైపంచెలో చుట్టుకొని బండ దగ్గరికి పోయాను. అరచెయ్యంత ముక్క చాలు నాకు. పడమటి మూల ఎట్లాగూ విరిగే ఉంది, ఆ పక్కనే ఇంకొంచెం విరిగితే ఎవరు చూస్తారు? ఉలి ఆనించాను. బండ మీద నిన్నటి బెల్లం జిగట ఇంకా ఉంది. చీమలు బారుకట్టి వచ్చి మిగిలిన మెతుకులు మోసుకుపోతున్నాయి. నిన్న ఇక్కడే మా నాయన వంగాడు. సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఏం చేస్తాండావ్?" అని వినబడింది. గుండురాయి చాటు నీడలో పూజారి తాత కూర్చుని ఉన్నాడు.

"చూస్తాండా తాతా."

"ఉలితోనా చూసేది?"

ఇక దాచలేక రాయి సంగతి, పెళ్ళి సంగతి, తిరిగే కుర్చీ సంగతి అన్నీ చెప్పేశాను. తాత తిట్టలేదు. వక్కాకు నములుతూ అంతా విని, "వాన రాలేదనుకో, ఇది వట్టి బండ. పగలగొట్టుకోని పో, ఎవరూ అడ్డం రారు. వచ్చిందనుకో, దీని మీద గోరు గూడా పడనీరు. నువ్వే ఎంచుకో ఏం కావాలో," అన్నాడు.

ఎంచుకోవటానికి అది నా చేతిలో ఉందా? అయినా ఆ రోజునుంచి నా బతుకు కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. సాయంత్రం మబ్బు పడితే ఊరంతా అరుగుల మీదికొచ్చి చూసేది. నేనూ చూసేవాణ్ణి. మబ్బు కమ్మితే రాయి పోయిందని గుండె గుబేలుమనేది. గాలికి మబ్బు చెదిరిపోతే హమ్మయ్య అనుకొని, పక్కనే నిలబడిన నాయన ముఖం చూసి సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. ఊరంతా ఒకే కోరిక కోరుతుంటే, ఏం కోరాలో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. పోనీ వాన రాకపోతే నా పెళ్ళి జరుగుతుందా అంటే, గింజ లేని ఇంట్లో పెళ్ళేమిటి? ఎటు చూసినా నాకు నేనే అడ్డం. అంత లోతుగా నేను మళ్ళీ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించి తేల్చిందేమీ లేదనుకోండి.

ఆషాఢం చివర్లో ఒక పగటిపూట వాన వచ్చింది. ముందు మట్టివాసన, తర్వాత రేకుల మీద చప్పుడు, ఆపైన ఎదురిల్లు కనబడనంత వాన. జనం గొడుగులకోసం కాదు, తడవటానికి బయటికి పరిగెత్తారు. మా నాయన వాకిట్లో నిలబడి నోరు తెరుచుకొని వాన తాగుతున్నాడు. నేను వీధిలోకి దూకి ఎవరి చేతులో పట్టుకొని గంతులు వేశాను. ఆ కాసేపు నాకు రాయి గుర్తురాలేదు. మరదలూ గుర్తురాలేదు. (ఈ ముక్క ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. మీరూ చెప్పకండి.)

వాన వెలిశాక గుర్తొచ్చింది, నాకు రాయి లేదని. శ్రావణం తలుపు తడుతుంటే ఉత్తచేతులతో కంబదూరు వైపు బస్సెక్కాను. దారిపొడుగునా చేలల్లో విత్తుతున్నారు. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి, బస్సులో నాదొక్కటే ఆరిపోయి ఉంది.

"రాయి యాడ?" అన్నాడు మామ నా చేతులు చూసి.

"దొరికింది మామా. తేలేకపోయినా."

"అంత బరువా?"

"మా ఊరి పాశం బండ మామా అది. ఉలి పట్టుకోని గూడా పోయినా, కొట్టలేకపోయినా."

మామ మీసం మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది. లోపలికి పోయి పొది తెచ్చి, గుడ్డ విప్పి, ఎవర్నీ తాకనివ్వని తన రాయిని నా చేతిలో పెట్టాడు. "నాకి చూడు," అన్నాడు.

కళ్ళు మూసుకొని నాలుక ఆనించాను. అంతే, నాకు తెలియకుండానే పాశానికి వంగినప్పటిలా నా ఎడమచెయ్యి వెనక్కి పోయి నడుము మీద చేరింది. కళ్ళు తెరిచి మామను చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

"మా మామ నాకు గడువిచ్చినప్పుడు మా అక్క కాడికొచ్చి ఉన్న్యా," అన్నాడు. "ఆ పాశం నేనూ నాకినా. నాకూ తెలిసింది. ఎవురూ లేనప్పుడు మూల కొట్టుకోని వచ్చేసినా. పెండ్లయింది. ఆ ఏడు మీ ఊర్లో వాన రాలేదు. దొడ్లల్లో ఉండే పశువులన్నీ సంతకు పోయినాయి."

"రాయికీ వానకూ ఏం సంబంధం మామా?"

"లేదని నాకూ తెలుసు. తెలిసి గూడా ఇన్నేండ్లూ ఆ బండ దగ్గరికి పోలేకపోయినా." తలెత్తి అడిగాడు. "ఉలి పట్టుకోని పోయినావంటివే, మరెందుకు కొట్టలేదు?"

"ముందునాడే ఆ బండను నాకింటి గదా. నోట్లో తీపి ఇంగా ఉన్నింది మామా."

మామ భుజం మీది తువ్వాలు తీసి మెడ చుట్టూ కప్పుకొని, పీట మీద కూర్చున్నాడు. "నీళ్ళు పెట్టు. ఆ రాయి మీదనే నూరు," అన్నాడు.

నీళ్ళు చల్లి, కత్తిని రాయి మీద ఈడ్చాను. చప్పుడే లేదు. పాలమీద వేలు నడిపినట్టుంది. తలెత్తి చూస్తే వాకిట్లో మరదలు నెత్తురు ఆపే పటిక ముక్క పట్టుకొని సిద్ధంగా నిలబడి ఉంది. ఇంకా నేను సబ్బు నురగ కూడా రాయలేదు. నామీద ఆమెకున్న నమ్మకం అట్లాంటిది. మామ తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసి, గొంతు నాకు అప్పజెప్పాడు. కుడిబుగ్గ దాటాను, గడ్డం కింద దాటాను, మీసం అంచు దిద్దాను. ఇక అయిపోయిందని ఊపిరి వదిలినప్పుడు, చెవి కింద, ఆవగింజంత ఎర్రచుక్క లేచింది.

నేను కొయ్యబారిపోయాను. మరదలు గబగబా వచ్చి పటిక అదిమిపెట్టింది.

"ఏమన్నా తెగిందా?" అన్నాడు మామ కళ్ళు తెరవకుండానే.

"ఏం లేదు నాయనా. పాత మచ్చ."

"పాత మచ్చకు పటిక మండతాందే?"

ఆమె పటికను ఇంకొంచెం గట్టిగా అదిమింది. మామ అద్దం తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, చెవి పక్క మాత్రం చూసుకోలేదు. "హిందూపురమోళ్ళకు వద్దని కబురు పెట్టాల," అన్నాడు అద్దం కింద పెడుతూ.

మళ్ళీ కరువొచ్చిన ఏడు మామ మొదటిసారి పాశానికి వచ్చాడు. గుడ్డమూట పట్టుకొని, జనం అందరూ చూస్తుండగా పోయి ఆ నల్లరాయిని పడమటి మూలలో పెట్టాడు. నోట్లో పన్ను కుదిరినట్టు కుదిరింది. పూజారి తాత దగ్గరికొచ్చి రాయినీ మామనూ మార్చి మార్చి చూసి, "పిడుగుకు మీసాలుంటాయని నాకు తెలీదప్పా," అన్నాడు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. మామ మాత్రం చేతులు వెనక్కి పెట్టుకొని వంగాడు, చాలాసేపు లేవలేదు. లేచాక తాత ఆ రాయిని కడిగి ఆయన చేతిలోనే పెట్టాడు. "ఈడ పెడితే కోతులెత్తుకపోతాయి. నీ పనికి నువ్వు వాడుకో. పాశం నాటికి మాత్రం తెచ్చి పెట్టు," అన్నాడు.

మామ పోయాక రాయి నా దగ్గరికి వచ్చింది. షాపులో దానికి పని లేదు. పొట్లం బ్లేడ్లు నేనూ వాడుతున్నాను, మొద్దుబారితే నేనూ పారేస్తున్నాను. మామ చూస్తే పిల్లను వెనక్కి తీసుకుపోయేవాడేమో. రాయి మాత్రం ఆయన కట్టిన గుడ్డలోనే సొరుగులో ఉంది. వాన మొండికేసిన ఏడు మేమిద్దరం దాన్ని తీసుకొని మా ఊరికి పోయి, పడమటి మూలలో పెట్టి, దాని మీద పాశం పోయించుకొని నాకుతాం.

మొన్నటిసారి వంగినప్పుడు నాలుక ఎప్పటిలాగే ఆ మూలకు పోయింది. అదే మీగడ. చుట్టూ జనం ఎప్పుడు లేచారో తెలియలేదు. మోకాళ్ళు పట్టేశాయి, లేవబోతే నడుము రాలేదు. మా ఆవిడ వచ్చి నా రెక్క పట్టుకుంది.

"చాలు లెయ్యి బావా," అంది. "పిల్లనిచ్చేసినారు గదా."

ఆమె భుజం పట్టుకొని మెల్లగా లేచాను. మూతి కూడా ఆమే తుడిచింది.